నూట ఎనభై గజాల పచ్చరంగు

జగ్గిరాజుపేటకి మాస్టర్ ప్లాను వచ్చిన రోజున మునిసిపల్ ఆఫీసు ముందు బాణసంచా కాల్చారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఊరు ఎలా ఉండాలో రంగుల్లో గీసిన పటం అది. ఇళ్ళకి పసుపు, దుకాణాలకి ఎరుపు, పార్కులకి పచ్చ, చెరువులకి నీలం. గీసింది రాజధానిలో ఒక కంపెనీ. వాళ్ళలో ఒక్కడూ జగ్గిరాజుపేట బస్సెక్కిన పాపాన పోలేదు. అంతరిక్షం నుంచి తీసిన ఫోటో ఒకటి ముందు పెట్టుకుని, ఎక్కడ ఏ రంగు కనబడితే అక్కడ ఆ రంగు పూసేశారు. అంత ఎత్తునుంచి చూస్తే మా ఊరు చాలా శుభ్రంగా కనబడుతుందట.

ఈ సంగతులేవీ బొడ్డేటి నూకరాజుకి తెలియవు. అతను మోటార్లకి రాగితీగ చుట్టే మనిషి. పాతపేట మూడో వీధిలో తాతలనాటి నూట ఎనభై గజాల స్థలం, అందులో సిమెంటు రేకుల ఇల్లు, వీధివైపు గదిలో వైండింగు షాపు. ఇంట్లో తనూ, పెళ్ళాం అచ్చియ్యమ్మా. రెండేళ్ళ కిందటి తుపానుకి రేకులు బీటలిచ్చాయి. వాన పడితే వంటింట్లో మూడు చోట్ల కారుతుంది, మంచం మీద ఒకచోట కారుతుంది, రైతుల మోటార్లు పెట్టుకునే మూల మాత్రం ధార కడుతుంది. చుట్టిన తీగ తడిసిందంటే విప్పి మళ్ళీ మొదటినుంచీ చుట్టాలి. అంచేత ఈ వానాకాలం లోపల స్లాబు పడి తీరాలని మొగుడూ పెళ్ళాలు ఒట్టేసుకున్నారు. ఇనుము కొన్నారు. ఇసక తోలించారు. ఇక మునిసిపాలిటీ అనుమతి ఒక్కటే తరవాయి.

ఒక్కటే తరవాయి అనుకోవడం, చదువు అయిదో తరగతిలో ఆగిపోవడం వల్ల నూకరాజు చేసిన తప్పు.

పట్టణ ప్రణాళికాధికారి విశ్వప్రకాశం గారు అతని దరఖాస్తు తిరగేశారు. లేచి గోడ మీది పటం దగ్గరికి వెళ్ళి స్కేలు పెట్టి కొలిచారు. మళ్ళీ కొలిచారు. వచ్చి కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు.

"తమరు ఎక్కడ నివసిస్తున్నారు?"

"పాతపేట మూడో వీధండి. అందులో రాసేను గదండీ."

"రాశారు. అక్కడ ఎందుకు నివసిస్తున్నారని అడుగుతున్నాను."

"ఇల్లండీ బాబూ. మా తాత కట్టిందండి."

"అక్కడ ఇల్లు లేదు."

నూకరాజు నవ్వేశాడు. పొద్దున్న అందులోనే చద్దన్నం తిని వచ్చాడు మరి.

"పటం ప్రకారం అది పార్కు. ప్రజావిహార హరిత వినియోగ మండలం," అన్నారు విశ్వప్రకాశం గారు, మంత్రం చదివినట్టు. "మీ కుడిపక్కవాళ్ళు పసుపు. ఎడంపక్కవాళ్ళు పసుపు. తమరు పచ్చ."

నూకరాజు పటం దగ్గరికి వెళ్ళి చూశాడు. పసుపు ముద్ద మధ్యలో, పప్పులో కరివేపాకులాగ, గోరంత పచ్చ ముక్క. కాసేపటికి వెలిగింది. వేసంగిలో రేకుల వేడికి తాళలేక అచ్చియ్యమ్మ బీరపాదు పైకి పాకించింది. అది ఇల్లంతా కమ్మేసి, నడిమిగదిలో కాస్త చల్లదనం, వారానికి నాలుగు కాయలు ఇచ్చింది.

"పాదండీ బాబూ అది! మా ఆడది పెట్టిన బీరపాదు! ఇప్పుడే ఎళ్ళి పీకేస్తాను."

"అంత మాట అనకండి. పార్కులో పచ్చదనాన్ని ధ్వంసం చేయుట శిక్షార్హమైన నేరం."

"మరి ఫోటో తప్పయింది గదండీ?"

"ఫోటో తప్పు కావచ్చు. ప్లాను తప్పు కాదు. ప్లాను ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా ఆమోదం పొందింది. ఇకమీదట ప్లానుకీ నేలకీ తేడా వస్తే, ఆ తేడా నేలదే."

"పోనీ మా ముక్కకి పసుపు రాసెయ్యండి. సీసా నేనే తెస్తాను."

విశ్వప్రకాశం గారికి జాలేసింది. చదువు లేనివాడికి అర్థమయ్యేలా చెప్పారు. ఏ రంగైనా మార్చాలంటే ప్లాను గడువు ముగియాలి. ఇంకా ఇరవై ఏళ్ళుంది. పైగా ఊరికి ఒక పార్కు ఉండి తీరాలని రూలు. ఒకప్పుడు ఉండేది. దాంట్లో కళ్యాణమండపం కట్టేశారు. కట్టినాయనకి అందులోనే సన్మానం చేశారు. ఇప్పుడు జగ్గిరాజుపేట మొత్తానికి పటంలో పచ్చగా ఉన్నది నూకరాజు ఇంటి నెత్తి ఒక్కటే. అది గనక పసుపైపోతే 'హరిత పట్టణం' అన్న పేరూ, ఆ పేరు మీద వచ్చే నిధులూ పోతాయి.

"డెబ్భై వేలమంది పౌరులు తమరి బీరపాదు నీడన ఉన్నారు," అన్నారాయన. "గర్వపడండి."

నూకరాజు గర్వపడకుండానే ఇంటికొచ్చాడు.

వారం తిరక్కుండా గుమ్మం పక్కన బోర్డు పాతారు. 'పురపాలక ఉద్యానవనము. ప్రవేశము ఉదయం ఐదు నుండి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుండి ఎనిమిది వరకు. పూలు కోయరాదు. వంట చేయరాదు. పగటిపూట పడుకొనరాదు.'

నూకరాజు కూడబలుక్కుని చదువుతుంటే అచ్చియ్యమ్మ ఆఖరి ముక్క రెండుసార్లు చదివించుకుంది. "ఇన్నాళ్ళకి నీకు చెప్పేవోళ్ళు దొరికేరయ్యా," అంది.

మర్నాడు పొద్దున్న నడక సంఘం వాళ్ళు పదకొండుమంది బూట్లతో దిగారు. వాళ్ళ అధ్యక్షుడు తమ్మన శేషగిరి మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు. నూకరాజుని అయిదో తరగతి ఏడాది పొడుగునా బెంచీ మీద నిలబెట్టినాయన. ఊళ్ళో పార్కు ఉందంటే ముందు ఆయన నమ్మలేదు. బోర్డు చూసి నమ్మారు. చదువుకున్నవాళ్ళకి బోర్డుంటే చాలు, ఇక వెనకాల ఏముందో అక్కర్లేదు.

వరండాలోంచి నడిమిగది, నడిమిగదిలోంచి వంటిల్లు, వంటింట్లోంచి పెరడు, పెరట్లోంచి సందు, సందులోంచి మళ్ళీ వరండా. నలభై చుట్లు తిరిగితే డాక్టరు చెప్పిన నడక పూర్తవుతుందని మాస్టారు తేల్చారు.

"మాస్టారూ, ఇది మా వంటిల్లండి!" అంది అచ్చియ్యమ్మ, అట్లకాడతో అడ్డం నిలబడి.

"తెలుసమ్మా. మలుపులో ఆ పొయ్యి కాస్త పక్కకి జరిపించు. మా అందరికీ మోకాళ్ళ నొప్పులు."

"మీ మోకాళ్ళు మండిపోనూ!"

"కోపం ఆరోగ్యానికి మంచిది కాదమ్మా. ఎనిమిదింటికి నవ్వుల క్లబ్బుంది. నువ్వూ రా."

ఎనిమిదింటికి పదకొండుమందీ నడిమిగదిలో మంచం చుట్టూ నిలబడి, చేతులు పైకెత్తి, హహ్హహ్హా అని పది నిమిషాలు నవ్వారు. మంచం మీద కూర్చున్న నూకరాజుకి తనని చూసే నవ్వుతున్నారనిపించింది. కమిషనరుకి ఫిర్యాదు చేద్దామని కాగితం తీసేలోపు మాస్టారే చేసేశారు. పార్కులో పొద్దున్నే ఎండుచేపల కూర వాసన వస్తోందనీ, ఎవరో ఇద్దరు అక్కడే కాపురం పెట్టినట్టు ఆనవాళ్ళున్నాయనీ, అందులో ఒకావిడ నోరు మంచిది కాదనీ.

నోటీసు వచ్చింది. 'ఉద్యానవనమందు అక్రమముగా నివసించుచున్న బొడ్డేటి నూకరాజు మరియు సదరు వ్యక్తి భార్య ముప్పది దినములలోగా ఖాళీ చేయవలెను. లేనియెడల పార్కును వారి నుండి శుభ్రపరచడమగును.'

అచ్చియ్యమ్మ ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. ఇనుప చువ్వల కట్ట మీద కూర్చుని, "స్లాబు ఏసుకుందావని ఎళ్తే కొంపే లేదన్నారేటయ్యా," అంది. అంతే. తిట్టని అచ్చియ్యమ్మని చూసి నూకరాజుకి మొదటిసారి భయమేసింది.

మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాడు. విశ్వప్రకాశం గారు సమావేశంలో ఉన్నారు. కాచుకోమన్నారు. వరండాలో కుర్చీలు పనిచెయ్యవు, ఫ్యాను పనిచెయ్యదు, ఉన్నది గోడమీది పటం ఒక్కటే. నూకరాజు దాని ముందు నిలబడ్డాడు. వైండింగు చేసేవాడికి ఒక అలవాటుంటుంది. ఎక్కడో ఒక కొస దొరికితే అక్కణ్ణించి తీగ పట్టుకుని వరసగా వెళ్ళిపోతాడు. అలా తన పచ్చముక్క దగ్గర మొదలుపెట్టి, మూడో వీధి దాటి, గడియారస్తంభం దాటి, కూరగాయల మార్కెట్టు పక్కనుంచి వేలు జరుపుకుంటూ మునిసిపల్ ఆఫీసు దాకా వచ్చాడు. వేలు నీలంలో దిగింది.

అప్పుడే గదిలోంచి బయటికొచ్చిన విశ్వప్రకాశం గార్ని పిలిచాడు.

"ఈ నీలం ఏటండి బాబూ?"

"జలవనరు. అంటే చెరువు."

"రెండెకరాలుంటాదాండి?"

"ఉంటుంది. ఉంటే?"

"ఏం లేదండి. మనం నిలబడ్డది అందులోనేనండి."

విశ్వప్రకాశం గారు స్కేలు తెప్పించారు. కొలిచారు. మళ్ళీ కొలిచారు. పైన టపటపా చప్పుడవుతోంది. మూడేళ్ళయి ఆఫీసు స్లాబు కారుతుంటే, బాగుచేయించడానికి టెండర్లు ఖరారు కాక, ఈ కొసనుంచి ఆ కొస దాకా నీలం టార్పాలిన్ కప్పి ఉంచారు. పైనుంచి చూసినవాళ్ళకి అది గాలికి అలలు కొడుతున్నట్టు కనబడి ఉంటుంది.

"ఈ విషయం బయట చెప్పకండి," అన్నారాయన.

నూకరాజు బయట చెప్పలేదు. సరాసరి మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్ళాడు.

"జగ్గిరాజుపేట నడిబొడ్డున రెండెకరాల చెరువుందండి. చేపలకి కౌలుకిస్తారేమోనని."

అక్కడి అధికారి పటం తెప్పించి చూసి నిర్ఘాంతపోయాడు. "ఇంత చెరువు పెట్టుకుని ఇన్నాళ్ళూ వేలం వెయ్యలేదా! శాఖకి ఎంత నష్టం!"

"ఓసారి వచ్చి చూసుకుంటారాండి?"

"చూడ్డానికేముంది? పటంలో ఉందిగా."

వేలం ప్రకటన నోటీసు బోర్డుకి అంటించారు. పాట రోజున పాడినవాడు నూకరాజు ఒక్కడే. మూడేళ్ళ కౌలు అతని పేర రాశారు. కాగితంలో షరతులున్నాయి. కౌలుదారు అనుమతి లేనిదే ఎవ్వరూ సదరు జలవనరులోకి దిగరాదు. పశువులను తోలరాదు. బట్టలుతకరాదు. కౌలుదారు జలవనరు వద్ద రాత్రింబవళ్ళు కాపలా ఉండవచ్చును.

సోమవారం పొద్దున్న పది గంటలకి కమిషనర్ గారి కారు ఆఫీసు ముందు ఆగింది. మెట్లమీద లుంగీ ఎగగట్టి, భుజాన విసురువలతో నూకరాజు కూర్చుని ఉన్నాడు. ఉద్యోగులంతా రోడ్డుకవతల టీ బడ్డీ దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎవరయ్యా నువ్వు?"

"చెరువు కౌలుదారునండి. దిగకండి బాబూ, చేపపిల్లల్ని వదిలేం. బెదురుతాయి."

"చేపపిల్లలా? ఎక్కడ?"

"అడుగునుంటాయండి. పైకి కనబడవు."

కమిషనర్ గారు కౌలు కాగితం చదివారు. ముద్ర అసలుదే. సంతకం అసలుదే. ఆయన మొహం మెల్లగా టార్పాలిన్ రంగుకి తిరిగింది. "ప్రకాశం! ఇది చెరువా?"

"ప్లాను ప్రకారం అవును సార్," అన్నారు విశ్వప్రకాశం గారు, బడ్డీ దగ్గర్నుంచే.

"మరి మనమంతా ఏమిటయ్యా?"

"క్షేత్రస్థాయి వ్యత్యాసం సార్."

పోలీసులకి ఫోను చేశారు. పోలీసులు వచ్చి కాగితం చూసి, కౌలుదారుకి రక్షణగా ఇద్దరు కానిస్టేబుళ్ళని కూర్చోబెట్టి వెళ్ళారు. ఆఫీసు నాలుగు రోజులు మూతపడింది. ఊళ్ళో కుళాయి వచ్చే చోట వచ్చింది, రాని చోట రాలేదు. చెత్త ఉన్నచోటే ఉంది. మూడో రోజు దాకా ఆఫీసు లేదన్న సంగతి ఎవరూ కనిపెట్టలేదు. నాలుగో రోజున కనిపెట్టింది జీతాల బిల్లు చేసే గుమాస్తా.

అప్పుడు తెలిసింది, రంగు మార్చడానికి ఇరవై ఏళ్ళు పట్టదని. కమిషనర్ గారు స్వయంగా రాజధాని వెళ్ళి, ఐదో రోజుకి ఉత్తర్వుతో దిగారు. మునిసిపల్ ఆఫీసు చెరువు కాదు, ఆఫీసే. 'అయితే పట్టణ జలవనరుల విస్తీర్ణము ఎట్టి పరిస్థితులలోను తగ్గరాదు గనుక, సదరు చెరువును సమీపమున గల బహిరంగ హరిత ప్రదేశమునకు మార్చడమైనది. మత్స్య కౌలు యథాతథముగా కొనసాగును. ఉద్యానవనమును కళ్యాణమండపము డాబాపై గల పూలకుండీలలోనికి మార్చడమైనది.'

విశ్వప్రకాశం గారు చదివి వినిపించారు. నూకరాజు చెవులు నమ్మలేక మళ్ళీ చదివించుకున్నాడు.

"అంటే మా ఇల్లిప్పుడు చెరువాండి?"

"ఇల్లు ముందునుంచీ లేదండి. పార్కు చెరువైంది."

"రెండెకరాల చెరువు నూట ఎనభై గజాల్లో ఎలా పడతాదండి?"

"లోతు పెంచాం," అన్నారాయన గంభీరంగా. "కాగితంలో అరవై అడుగులు."

మర్నాడు పొద్దున్న ఐదింటికి నడక సంఘం యథాప్రకారం బూట్లతో వచ్చింది. గుమ్మంలో అడ్డంగా వల కట్టి ఉంది.

"మాస్టారూ, ఆగండాగండి," అన్నాడు నూకరాజు. "ఇది చెరువండి. కౌలు నాది. దిగితే కేసు."

శేషగిరి మాస్టారు కాగితం తీసుకుని, లైటు కింద పెట్టి, ప్రతి కామా దగ్గరా ఆగుతూ చదివారు. చదివినదానికి కట్టుబడే మనిషి. "పోనీ ఈత క్లబ్బు పెట్టుకుంటే అభ్యంతరమా?"

"అరవై అడుగుల లోతండి మాస్టారూ. మీకు ఈతొచ్చా?"

మాస్టారు గడప మీద పెట్టిన కాలు చటుక్కున వెనక్కి తీసుకున్నారు. పడబోతే పక్కాయన పట్టుకున్నాడు కూడా. వెనకాల వంటింట్లోంచి హహ్హహ్హా అని అచ్చియ్యమ్మ గొంతు, పది నిమిషాలు ఆగకుండా.

ఖాళీ చెయ్యమన్న నోటీసు పార్కుకి సంబంధించినది గనుక అది చెల్లలేదు. కౌలుదారు కాపలా ఉండవచ్చును గనుక కాపురానికి ఢోకా లేదు. కానీ ఆకాశం మబ్బు పట్టింది. మొదటి జల్లుకే ఒక రైతు మోటారు తడిసింది. రెండు రోజుల పని నీళ్ళపాలు. అచ్చియ్యమ్మ మంచం జరిపింది. ఇంక జరపడానికి చోటు లేదు.

"చెరువులో నీళ్ళు పడ్డం మంచిదేగా, ఎవరికి చెప్పుకుంటావు?" అంది.

ఆ మాట పట్టుకుని నూకరాజు మళ్ళీ ఆఫీసు మెట్లెక్కాడు. ఈసారి దరఖాస్తు పట్టుకెళ్ళలేదు. కూర్చుని అడిగాడు.

"చెరువులో ఇల్లు కట్టుకోవచ్చాండి?"

"నిషిద్ధం."

"స్లాబండి?"

"అసలే నిషిద్ధం."

"మరేటి కట్టొచ్చండి?"

విశ్వప్రకాశం గారు నిబంధనల పుస్తకం తెరిచారు. ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా ఆయన మొహంలో దేవుడి గదిలోకి వెళ్ళినంత ప్రశాంతత వస్తుంది. "తూములు. మిగులు నీరు పోయే కలుజులు. వంతెనలు."

"వంతెనంటే ఏటండి? పుస్తకంలో ఎలాగుందో అలాగే చదవండి."

"'నాలుగుకు తక్కువ కాని స్తంభములపై ఆని, పైన చదునైన కాంక్రీటు పలక కలిగి, కింద ఖాళీ స్థలము కలిగిన నిర్మాణము.'"

"కింద ఖాళీలో గోడలు కట్టకూడదని ఉందాండి?"

ఆయన పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. "లేదు."

"మంచం?"

"మంచం ప్రస్తావన లేదు."

నూకరాజు అక్కడే కాగితం అడిగి, వంకరటింకర అక్షరాలతో, తన చెరువు మీద ఎనిమిది స్తంభాల వంతెన కట్టుకోవడానికి అనుమతి కోరాడు. విశ్వప్రకాశం గారు చాలాసేపు దాన్ని చూశారు. ఆయనకి అంతా అర్థమైంది. అర్థమైనా చేసేదేమీ లేదు. అన్నీ రూలు ప్రకారమే ఉన్నాయి. సంతకం పెట్టి ముద్ర వేస్తూ, తన ఉద్యోగంలో మొదటిసారి, పుస్తకంలో లేని మాటొకటి మాట్లాడారు.

"స్తంభానికి మంచి ఇనుము వాడండి."

పదిహేను రోజుల్లో రేకులు దిగి స్లాబు పడింది. కాదు, వంతెన పడింది. ఏ ఒడ్డునుంచి ఏ ఒడ్డుకో ఎవరూ అడగలేదు. ఆ ఏడాది కమిషనర్ గారికి బహుమతి వచ్చింది. తక్కువ విస్తీర్ణంలో చెరువూ వంతెనా రెండూ అభివృద్ధి చేసిన పట్టణం మరొకటి లేదట. పత్రికలో ఫోటో వేశారు. అది కూడా అంతరిక్షం నుంచి తీసినదే.

వానలు దంచి కొడుతున్న శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, వార్డు ఆఫీసునుంచి సుభాషిణి అని ఒక అమ్మాయి గొడుగుతో వచ్చింది. ఊళ్ళో నిలువ నీడ లేనివాళ్ళ లెక్క రాయమన్నారట. వంతెన కింద ఎవరో ఇద్దరు తలదాచుకుంటున్నట్టు పటం మీద పనిచేసేవాళ్ళు చెప్పారట.

అచ్చియ్యమ్మ పీట వేసి, టీ ఇచ్చి, తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది. నూకరాజు మూలన మోటారుకి తీగ చుడుతున్నాడు. బయట వాన ఎంత గట్టిగా ఉందంటే గట్టిగా మాట్లాడుకోవాల్సి వస్తోంది. లోపల చుక్క లేదు.

"నిరాశ్రయులు, కుటుంబ సభ్యులు ఇద్దరు," అని రాసుకుంది అమ్మాయి. "ఎన్నాళ్ళనుంచి వంతెన కింద ఉంటున్నారండీ?"

"మా తాతల కాడ్నించీనమ్మా."

రాసింది. ఆమెకి నవ్వు రాలేదు. కొత్త ఉద్యోగం. "ఆఖరి గడి ఒకటి ఉందండి. ఇక్కడ మీకేమైనా ఇబ్బందులున్నాయా అని." పైకి చూసింది. నున్నటి స్లాబు, ఎక్కడా చెమ్మ లేదు. "లేవని రాసెయ్యనా?"

నూకరాజు చేతిలో తీగ వదిలేసి ఒక్క ఉదుటున లేచాడు.

"అంత పని చెయ్యకు తల్లీ! లేవని తెలిస్తే మళ్ళీ వస్తారు."

అమ్మాయి ఒక క్షణం ఆలోచించి, 'కలవు' అని రాసింది.